సొమ్ము వచ్చింది, మనుష్యులు రాలేదు

రోమా పత్రిక 15వ అధ్యాయము 19వ వచనములో అపొస్తలుడైన పౌలు తాను సువార్త ప్రకటించిన ప్రాంతములను చెబుతూ ఒక కొనకు యెరూషలేమును, మరొక కొనకు ఇల్లూరికును పెట్టాడు. సంఘములో ఈ భాగము చదివేటప్పుడు మన మనస్సు యెరూషలేము దగ్గర ఆగుతుంది గాని ఇల్లూరికు దగ్గర ఆగదు. అది ఎక్కడున్నదని అడిగినవారిని మేము ఇంతవరకు చూడలేదు. మేమైనా బైబిలు పాఠశాలలో చదువుకున్న రోజులలో దానిని పటము మీద ఒక పేరుగానే చూచి వదిలేశాము.

ఆ ఇల్లూరికులో ఒక భాగమే ఈనాటి అల్బేనియా దేశము. ఇటలీకి ఎదురుగా, అద్రియ సముద్రపు ఒడ్డున ఉన్నది. ఇరుకైన చోట ఈ రెండు దేశముల నడుమ సముద్రము సుమారు 70 కిలోమీటర్లే. దక్షిణమున గ్రీసు, తూర్పున ఉత్తర మాసిదోనియ, ఉత్తరమున కొసావో, మాంటెనీగ్రో. వైశాల్యము 28,748 చదరపు కిలోమీటర్లు, అంటే 2014కు ముందున్న మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు పదవ వంతు. దుర్రెస్ అనే దాని ఓడరేవు నుండే రోమీయుల కాలములో ఒక రాజమార్గము బయలుదేరి థెస్సలొనీక, ఫిలిప్పీ పట్టణముల మీదుగా తూర్పునకు సాగిపోయేది.

ఇంత చిన్న దేశము గురించి మన పత్రికలో వ్రాయడానికి కారణము ఉన్నది. 1989 జనాభా లెక్కలలో ఆ దేశ ప్రజలు 31 లక్షల 82 వేలు. 2023 లెక్కలలో 24 లక్షల 2 వేలు. ముప్పది నాలుగు సంవత్సరములలో దాదాపు 8 లక్షలమంది తగ్గిపోయారు. ఆ మధ్యలో పుట్టిన పిల్లలను కూడా లెక్కించుకుంటే విడిచిపోయినవారు ఇంకా ఎక్కువ. 2010 నాటికే ఆ దేశస్థులలో 14 లక్షలమంది బయటి దేశములలో ఉన్నారని ప్రపంచ బ్యాంకు లెక్క కట్టింది. అందరూ పొట్ట చేతపట్టుకొని పోయినవారే. వారు పంపిన సొమ్ము మీదనే ఆ దేశము చాలా సంవత్సరములు బ్రతికింది. మన సంఘములలో కువైట్, మస్కట్, దోహా అనే పేర్లు తెలియని ఇల్లు ఎక్కడున్నది? కాబట్టి ఈ సంగతి మనకు దూరపు సంగతి అనిపించదు.

తాళము వేసిన దేశము

వీరు ఇంతమంది ఒక్కసారిగా ఎందుకు వెళ్లారో తెలియాలంటే ముందు కాలము కొంచెము చెప్పాలి. 1944 నుండి 1985లో చనిపోయేవరకు ఎన్వర్ హోజా అనే కమ్యూనిస్టు నాయకుడు ఆ దేశమును ఏలాడు. మొదట యుగోస్లావియాతో, తరువాత రష్యాతో, ఆఖరుకు చైనాతో కూడా చెడిపోయి దేశమును ఒంటరిగా మూసి పెట్టాడు. శత్రువులు వస్తారని ఊరూరా, పొలముల గట్ల మీద, సముద్రపు ఒడ్డున సిమెంటు బంకర్లు లక్షకు పైగా కట్టించాడు. వచ్చిన శత్రువు ఎవరూ లేరు. అవి నేటికీ పుట్టగొడుగులవలె అక్కడక్కడ కనబడుతూనే ఉన్నాయి.

1967లో గుడులు, మసీదులు, చర్చిలు అన్నిటినీ మూయించారు. రెండువేలకు పైగా ప్రార్థనా స్థలములు మూతపడ్డాయి. కొన్ని ధాన్యపు గిడ్డంగులయ్యాయి, కొన్ని ఆటశాలలయ్యాయి. లోకములో మొట్టమొదటి నాస్తిక దేశము మాదే అని చాటుకున్నారు. పిల్లవానికి బాప్తిస్మమిచ్చినందుకు ప్రాణము పోగొట్టుకున్న గురువులు కూడా ఉన్నారు. దేశము విడిచి పోవడము రాజద్రోహము. సరిహద్దు దాటబోయిన వానిని కాల్చేవారు, దాటిపోయిన వాని ఇంటివారిని మారుమూల గ్రామములకు తరిమి కష్టమైన పనులు చేయించేవారు.

మన దేశమంతటికీ తెలిసిన ఒక స్త్రీ కథలో ఈ తాళము ఎంత కఠినమో కనబడుతుంది. మదర్ తెరెసా 1910లో స్కోప్యే పట్టణములో అల్బేనియా జాతి కుటుంబములో పుట్టింది. 1928లో ఇల్లు విడిచి, 1929లో మన దేశము చేరింది. ఆమె తల్లి, అక్క తరువాత అల్బేనియా రాజధాని తిరానాకు మారి అక్కడే చిక్కుపడ్డారు. ముసలి తల్లి కూతురిని ఒక్కసారి చూడాలని ఆశపడింది. కూతురు ఎందరు పెద్దల చేత అడిగించినా ప్రభుత్వము తల్లిని బయటకు పంపలేదు. 1972లో ఆ తల్లి చనిపోయింది. 1989లో గాని మదర్ తెరెసాకు ఆ దేశములో అడుగుపెట్టే అనుమతి దొరకలేదు. అప్పటికి చూడడానికి మిగిలినవి సమాధులే. ఆమె రోమన్ కాథలిక్, మనము ప్రొటెస్టెంటులము. అయినా తల్లిని చూడలేకపోయిన బిడ్డ దుఃఖములో ఆ భేదము లేదు.

ఓడ మీద ఇరవై వేలమంది

1990 జూలైలో తిరానాలో సుమారు 5 వేలమంది విదేశీ రాయబార కార్యాలయముల గోడలు ఎక్కి లోపలికి దూకారు. అంతటితో తాళము ఊడింది. ఆ సంవత్సరము నవంబరు 4న ష్కోడర్ పట్టణపు స్మశానములో వేలమంది ఎదుట ఆరాధన జరిగింది. ఇరవై మూడు సంవత్సరముల తరువాత బహిరంగముగా జరిగిన ఆరాధన అది. దేవునికి స్తోత్రము. అయితే ప్రార్థనకు దారి తెరిచిన చేతులే ఓడలకు కూడా దారి తెరిచాయి.

1991 మార్చిలో వేలాదిమంది ఇటలీలోని బ్రిందిసి రేవులో దిగారు. ఆ ఊరివారు రొట్టె, దుప్పట్లు ఇచ్చి చేర్చుకున్నారు. ఆగస్టులో సంగతి వేరుగా జరిగింది. క్యూబా నుండి పంచదార మోసుకొని వచ్చిన వ్లోరా అనే ఓడ దుర్రెస్ రేవులో ఆగి ఉండగా జనము ఎగబడి ఎక్కారు. పైన, క్రింద, స్తంభముల మీద, త్రాళ్ల మీద, ఎక్కడ పట్టు దొరికితే అక్కడ సుమారు 20 వేలమంది. ఆగస్టు 8న ఆ ఓడ బారి పట్టణము చేరింది. ఎండలో వారిని ఒక ఆటల మైదానములో ఉంచి, ఎక్కువ మందిని కొద్ది రోజులలోనే తిరిగి పంపివేశారు. ఆ ఓడ ఛాయాచిత్రము చూచినవారు మరువలేరు. చీమలు పట్టిన బెల్లపు ముక్కవలె ఉంటుంది.

ఎందుకు ఆ తొందర? ఆ రోజులలో కర్మాగారములు ఒకటొకటిగా ఆగిపోయాయి, అంగళ్లలో రొట్టె దొరకలేదు. ఏండ్ల తరబడి చాటుగా చూచిన ఇటలీ టెలివిజన్‌లో మాత్రము అన్నీ నిండుగా కనబడేవి. ఆకలిగా ఉన్నవానికి ఎదురింటి వంట వాసన వస్తే ఎలాగుంటుందో అలాగే.

గ్రీసుకు పోయినవారు ఓడ ఎక్కలేదు, కొండలు ఎక్కారు. రాత్రులు నడిచి సరిహద్దు దాటేవారు. దొరికితే లారీలో ఎక్కించి వెనుకకు తోలేవారు, మరల వారము తిరగకుండా వచ్చేవారు. ఒలీవ పండ్లు ఏరడము, తాపీ పని, పెద్దల ఇండ్లలో ముసలివారికి సేవ చేయడము వారికి దొరికిన పనులు. 1998లో గాని గ్రీసు ప్రభుత్వము వారికి కాగితములు ఇవ్వడము మొదలుపెట్టలేదు. అంతవరకు కూలి ఎగ్గొట్టినా అడగడానికి నోరు లేదు.

ఇందులో మమ్మును ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఒకటి. అల్బేనియా వారిలో ముస్లిం కుటుంబములవారు ఎక్కువ. గ్రీసులో పని దొరకాలంటే, పిల్లలు బడిలో అవమానపడకుండా ఉండాలంటే చాలామంది తమ పేర్లు మార్చుకున్నారు. ఇంట్లో ఒక పేరు, యజమాని దగ్గర గ్రీకు పేరు. కొందరు బాప్తిస్మము కూడా తీసుకున్నారు. పనికోసము తీసుకున్న బాప్తిస్మమును ఏమనాలి? తీసుకున్నవారిని తప్పుపట్టడానికి మాకు నోరు రాదు. పేరు మార్చుకుంటే తప్ప మనిషిని మనిషిగా చూడని క్రైస్తవ ఇండ్ల గురించి మాత్రము మాకు చెప్పవలసినది ఉన్నది. అది మనకూ తగులుతుంది. పని మనిషి పేరు నోరు తిరగలేదని మన ఇష్టము వచ్చిన పేరు పెట్టి పిలిచే ఇండ్లు మన దగ్గర లేవా?

కుర్బెత్

పరదేశము పోయి పని చేయడమునకు అల్బేనియా భాషలో ‘కుర్బెత్’ అనే పాత మాట ఉన్నది. తురుష్కుల పాలనలో వందల సంవత్సరముల క్రితమే పుట్టిన అలవాటు అది. మగవారు ఇస్తాంబుల్‌కు, రొమేనియాకు, ఈజిప్టుకు, తరువాత అమెరికాకు పోయేవారు. పెండ్లియైన కొద్ది దినములకే భర్త పోతే ఏండ్ల తరబడి ఎదురుచూచిన భార్యల పాటలు అక్కడ కోకొల్లలు. ఈ మాట అరబ్బీ నుండి వచ్చింది. మన తెలంగాణలో వాడే ‘గరీబు’ అనే మాటకు కూడా మూలము అదే. అరబ్బీలో గరీబు అంటే పరదేశి. మన దగ్గరకు వచ్చేసరికి పేదవాడు అయ్యాడు. రెండు అర్థములూ ఒకే మనిషిలో ఎలాగు కలుస్తాయో గల్ఫ్ పోయి వచ్చిన తమ్ముళ్లకు మేము చెప్పనక్కరలేదు.

ఇక సొమ్ము సంగతి. మొదటి సంవత్సరములలో అది బ్యాంకు ద్వారా వచ్చింది కాదు. ఆగస్టు సెలవులకు, క్రిస్మస్‌కు, ఈస్టరుకు ఇంటికి వచ్చేటప్పుడు ఒంటికి కట్టుకొని తెచ్చేవారు. తాము రాలేకపోతే వస్తున్న బంధువు చేతికిచ్చి పంపేవారు. 1990లలో కొన్ని సంవత్సరములు ఇలాగు వచ్చిన ధనము దేశపు మొత్తము ఆదాయములో ఐదవ వంతు దాకా ఉన్నది. ఆ తరువాత తగ్గింది, అయినా ఇటీవలి సంవత్సరములలో కూడా పదవ వంతుకు దగ్గరగానే వస్తున్నది. ఆ సొమ్ము లేకపోతే ఎందరో ముసలివారు ఆకలితో చనిపోయేవారు. పిల్లలు బడి మానేసేవారు. ఈ మాట ముందే చెప్పి తీరాలి. వలస పోయినవారిని స్వార్థపరులని తేలికగా అనేవారు మన పల్లెలలో కూడా ఉన్నారు. వారు పంపిన దానితోనే బియ్యము కొనుక్కుంటూ అనేవారూ ఉన్నారు.

మొదట తిండికి, బట్టకు, మందులకు ఖర్చయింది. తరువాత టెలివిజను, బట్టలుతికే యంత్రము. ఆ తరువాత ఇల్లు. పని పుట్టించే వాటిలో, అంటే పొలములో గాని కార్ఖానాలో గాని పెట్టినది కొంచెమే. ఎందుకు పెడతారు? కరెంటు సరిగా లేదు, రోడ్డు లేదు, భూమి హక్కు కాగితము ఎవరి పేరున ఉన్నదో తెలియదు. ఇల్లు మాత్రము కంటికి కనబడుతుంది. ఒక వేసవిలో పునాది, మరుసటి వేసవిలో క్రింది అంతస్తు. పై అంతస్తు కొడుకు కోసమని ఇనుప చువ్వలు పైకి వదిలిపెడతారు. కొడుకు రాడు. చువ్వలు త్రుప్పు పట్టి అలాగే నిలబడి ఉంటాయి.

అటువంటి సగము కట్టిన ఇంటికి వారు ఒక బొమ్మను వ్రేలాడదీస్తారు. గడ్డి కుక్కిన మనిషి బొమ్మ కావచ్చు, పిల్లలు ఆడుకొని పారేసిన ఎలుగుబంటి బొమ్మ కావచ్చు. చూచినవారి కన్ను ఇంటి మీద పడకూడదని. అచ్చముగా మన దిష్టిబొమ్మయే. దానిని వారు ‘దోర్దోలెత్స్’ అంటారు. సముద్రములు దాటి అంత దూరములో కూడా ఇదే భయము! ప్రభువును నమ్మిన ఇంటికి బూడిద గుమ్మడికాయ ఎందుకని మేము ఎన్నిసార్లు చెప్పినా కొందరు వినరు. ఆ ఇండ్లకు వచ్చిన కీడు మాత్రము పొరుగువాని కన్ను వలన వచ్చింది కాదు. అది వారి సొంత ఊరి కంపెనీల తలుపుల గుండా వచ్చింది.

చెమట సొమ్ము ఆవిరి

దేశములో నమ్మదగిన బ్యాంకులు లేని ఆ కాలములో డబ్బు దాచుకునే కంపెనీలు పుట్టాయి. నెలకు నూటికి ఎనిమిది వడ్డీ అన్నారు. మొదట ఇచ్చారు కూడా. క్రొత్తగా చేరినవాని డబ్బు తీసి పాతవానికి ఇచ్చేదే ఆ వ్యాపారము. 1996 చివరికి పోటీ పెరిగి ఒక కంపెనీ రెండు నెలలలో రెట్టింపు అన్నది, ఇంకొకటి మూడు నెలలలో మూడింతలు అన్నది. కొడుకు ఒలీవ తోటలో వంగి సంపాదించి పంపిన సొమ్మును తండ్రి తీసుకొనిపోయి అక్కడ కట్టాడు. ఇండ్లు అమ్మినవారున్నారు. రైతులు ఆవులను, గొర్రెలను అమ్మి కట్టారు. దేశములో మూడింట రెండు వంతులమంది ఏదో ఒక కంపెనీలో డబ్బు పెట్టినవారేనని అంతర్జాతీయ ద్రవ్యనిధి వారి వ్యాసములో వ్రాశారు.

1997 జనవరిలో ఒకటి కూలింది, దాని వెనుక మిగిలినవి. కంపెనీలు ప్రజలకు బాకీపడినది 120 కోట్ల డాలర్లు, దేశపు ఒక సంవత్సరపు ఆదాయములో దాదాపు సగము. ప్రజలు వీధులలోనికి వచ్చారు, సైన్యపు ఆయుధశాలలు దోచుకున్నారు, ప్రభుత్వము పడిపోయింది. సుమారు 2 వేలమంది చనిపోయారు. ఇటలీ నాయకత్వములో విదేశీ సేనలు వచ్చి శాంతి నిలబెట్టవలసి వచ్చింది. ఆ గందరగోళములో మరల పడవలు కదిలాయి. మార్చి 28న, గుడ్ ఫ్రైడే నాడు, స్త్రీలు పిల్లలతో క్రిక్కిరిసిన ఒక పడవ ఇటలీ నౌకాదళపు ఓడతో ఢీకొని మునిగిపోయింది. ఎనభైమందికి పైగా నీటి పాలయ్యారు.

వడ్డీ ఆశపడినవారిని నిందించడము సులువు. మేము కూడా ఆదివారము వేదిక మీద నుండి ఆశపోతుతనము గురించి గట్టిగానే చెబుతాము. కాని నలభై సంవత్సరములు సొంత ఆస్తి, వ్యాపారము అన్నవే ఎరుగని మనుష్యులవారు. లాభమంటే ఏమిటో, మోసమంటే ఏమిటో వారికి ఎవరు చెప్పారు? ప్రభుత్వపు పెద్దలు ఆ కంపెనీల పండుగలకు పోయి కూర్చున్నారు. ఇన్ని బ్యాంకులు, ఇన్ని పత్రికలు ఉన్న మన ప్రాంతములోనే ఏజెంటు మన చుట్టమే కదా అని కట్టి పోగొట్టుకున్న విశ్వాసులు ఎందరో ఉన్నారు.

కమ్మరులను తీసుకొనిపోయిన బబులోను

పోయిన సొమ్ము మరల సంపాదించుకోవచ్చు. పోయిన పనివారి సంగతి అలాగు కాదు. రాజులు రెండవ గ్రంథము 24వ అధ్యాయములో నెబుకద్నెజరు యెరూషలేమును పట్టుకున్నప్పుడు ఎవరిని చెరగొనిపోయాడో చూడండి. అధిపతులను, పరాక్రమశాలులను, వారితోకూడ కంసాలులను, కమ్మరులను లెక్కపెట్టి మరీ తీసుకొనిపోయాడు. దేశములో మిగిలినవారు బీదలు మాత్రమే. బంగారము మాత్రమే తీసుకొనిపోతే యూదా మరల లేచేది. పని తెలిసిన చేతులు పోతే గోడ కట్టేదెవరు? ఈనాటి బబులోను కత్తి పట్టుకొని రాదు, జీతము చూపిస్తుంది.

1990లలో అల్బేనియా విశ్వవిద్యాలయముల అధ్యాపకులలో, పరిశోధకులలో మూడవ వంతుకు పైగా దేశము విడిచిపోయారు. అందులో భాష బాగుగా వచ్చినవారు, వయస్సులో చిన్నవారు ముందు పోయారు. పోయి ఏమి చేశారు? కొందరికి అమెరికాలో, కెనడాలో తగిన పని దొరికింది. గ్రీసుకు, ఇటలీకి పోయిన ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, వ్యవసాయ పట్టభద్రులు చాలామంది ఇటుకలు మోశారు, ఇండ్లు తుడిచారు. వారి పట్టాలకు అక్కడ విలువ కట్టలేదు. అంటే పంపిన దేశమునకు ఒక ఉపాధ్యాయుడు తగ్గాడు, చేర్చుకున్న దేశమునకు ఉపాధ్యాయుడు పెరగలేదు. ఇద్దరికీ నష్టమైన బేరము ఇంకెక్కడైనా ఉంటుందా?

ఇప్పుడు వంతు వైద్యులది, నర్సులది. జర్మనీలో వారికి గిరాకీ ఎక్కువ. తిరానాలో జర్మను భాష నేర్పే బడులు నిండిపోతున్నాయి. నర్సు చదువు చదువుతున్న ఆడపిల్ల మొదటి సంవత్సరము నుండే ఆ భాష నేర్చుకుంటుంది. జనాభాకు తగినంతమంది వైద్యులు లేని ఐరోపా దేశములలో అల్బేనియా ఒకటి. ఉన్నవారు రాజధానిలో ఉంటారు, కొండ గ్రామములలో ఉండరు. 2023లో అక్కడి పార్లమెంటు ఒక చట్టము చేసింది. ప్రభుత్వ వైద్య విశ్వవిద్యాలయములో చదివినవాడు ఐదు సంవత్సరముల వరకు దేశములోనే పని చేయాలి, లేదా చదువుకైన పూర్తి ఖర్చు చెల్లించాలి. విద్యార్థులు తరగతులు మానివేసి వీధులలోనికి వచ్చారు.

ఎవరిది న్యాయము? ప్రజల పన్నులతో చదివినవాడు ప్రజలకు కొంత బాకీ ఉన్నాడనే మాట మాకు సరియైనదిగానే తోస్తుంది. అయినా ఎవడూ దాటకూడదని నలభై సంవత్సరములు తాళము వేసిన దేశములో మరల తాళపు చప్పుడు వినబడితే ఆ పిల్లలు ఉలిక్కిపడరా? జీతము పెంచకుండా, ఆసుపత్రిలో మందులు పెట్టకుండా, బల్ల క్రింద చేతులు ఆపకుండా సంతకము పెట్టించుకున్నంత మాత్రాన మనస్సు ఆగదు. మిషను ఆసుపత్రులలో నర్సు పని నేర్చి దూర దేశములకు పోయిన ఆడబిడ్డలను మన సంఘములే కన్నాయి. వారి దశమ భాగములతో మన మందిరములకు స్లాబు పడింది. అదే సమయములో మన మండలములో రాత్రివేళ పురిటి నొప్పులు వస్తే చూచే చేయి ఎన్ని మైళ్ల దూరములో ఉన్నదో కూడా మనకు తెలుసు. ఈ రెండింటిలో ఒకటి నిజము, ఒకటి అబద్ధము అని మేము చెప్పలేము.

యోసేపు కథ మేము చాలాసార్లు బోధించాము గాని ఈ కోణములో చూడలేదు. ఏడు సంవత్సరముల ధాన్యమును కొలిచి దాచగల జ్ఞానము కనాను బిడ్డది, మేలు పొందినది ముందు ఐగుప్తు. కనాను వారు సంచులు పట్టుకొని ఆ ధాన్యము కొనడానికే పోయారు. తరువాత యోసేపు తండ్రికి పది గాడిదల మీద ఐగుప్తు మంచి వస్తువులు, పది ఆడు గాడిదల మీద ఆహారము పంపాడు. ఆదికాండము 45వ అధ్యాయము చివర యాకోబు ఏమన్నాడో తీసి చూడండి. ఆ ఇరువది గాడిదల బరువును గూర్చి ముసలివాడు ఒక్క మాట కూడా అనలేదు. కుమారుని చూడాలన్నాడు.

ఊళ్లలో మిగిలినవారు

అల్బేనియా దక్షిణ భాగములో, ఉత్తర కొండలలో ముసలివారు మాత్రమే ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి. పిల్లలు చాలక బడులు మూసివేశారు. దేశ ప్రజల సగటు వయస్సు 2011లో 35, 2023లో 42 దాటింది. మనుమలు తెరమీద కనబడతారు, గ్రీకులోనో ఇటాలియనులోనో మాట్లాడతారు. తాతకు, మామ్మకు సగమే అర్థమవుతుంది. ఆగస్టు వస్తే మాత్రము ఊరు నిండుతుంది. దుర్రెస్ రేవులో కార్లు బారులు తీరుతాయి. పెండ్లిండ్లన్నీ ఆ నెలలోనే. సెప్టెంబరు మొదటి వారమునకు తలుపులకు మరల తాళములు పడతాయి.

సంఘముల కష్టము కూడా అటువంటిదే. 1991 తరువాత అక్కడ సువార్త సంఘములు పుట్టినప్పుడు చేరినవారిలో ఎక్కువమంది యౌవనస్థులు. మిషనరీలకు తర్జుమా చేస్తూ ఇంగ్లీషు నేర్చుకున్నారు, వాక్యము నేర్చుకున్నారు, పిల్లలకు ఆదివారపు బడి నడిపించారు. ఆ భాషయే వారికి రెక్కలైంది. సిద్ధపరచిన నాయకుడు పోతే మరల మొదటి నుండి ఇంకొకరిని సిద్ధపరచవలసి వచ్చింది. సేవకులము గనుక ఆ బాధ మాకు విడమరచి చెప్పనక్కరలేదు.

తిరిగి వచ్చినవారు లేరా? ఉన్నారు. గ్రీసు అప్పులలో కూరుకొని పనులు ఆగిపోయినప్పుడు, 2009 నుండి 2013 వరకు 1 లక్షా 30 వేలకు పైగా పెద్దవారు అల్బేనియాకు తిరిగి వచ్చారు. కొందరు అక్కడ నేర్చుకున్న పని ఇక్కడ పెట్టుకున్నారు. కూరగాయలకు గాజు ఇండ్లు కట్టారు, చిన్న హోటళ్లు తెరిచారు, మంచి మేస్త్రీలని పేరు తెచ్చుకున్నారు. మరి కొందరు నిలవలేక మరల పోయారు. 2015లో జర్మనీలో ఆశ్రయము కోరినవారిలో అల్బేనియా వారు 50 వేలకు పైగా ఉన్నారు. యుద్ధము లేని దేశము నుండి! దాదాపు అందరి అర్జీలూ కొట్టివేశారు.

వెనుకటి కాలములో ఇంకొక విధముగా తిరిగి వచ్చినవారున్నారు. జెరాసిమ్ కిరియాజి అనే ప్రొటెస్టెంటు బోధకుడు, ఆయన చెల్లెలు సెవాస్తి 1891లో కొర్చా పట్టణములో అల్బేనియా భాషలో బాలికలకు బడి పెట్టారు. తురుష్కుల పాలనలో ఆ భాషలో బడి నడపడము సులువైన పని కాదు. సెవాస్తి కాన్‌స్టాంటినోపిల్‌లో అమెరికా మిషనరీల కళాశాలలో చదువు ముగించుకొని నేరుగా ఆ బడికే వచ్చింది. అన్న 1894లో చిన్న వయస్సులోనే చనిపోయాడు. యుద్ధములు వచ్చి ఆమె, ఆమె చెల్లెలు పరాష్కెవి అమెరికా పోవలసి వచ్చింది. అక్కడే ఉండిపోవచ్చును. 1920లలో వారు తిరిగి వచ్చి తిరానాలో మరల బాలికల బడి తెరిచారు. 1933లో ప్రభుత్వము సొంత బడులన్నిటినీ మూయించేవరకు దానిని నడిపించారు. ఈ అక్కాచెల్లెండ్ర పేరు మన స్త్రీల సమాజములలో ఎప్పుడూ వినబడలేదు. వినబడితే బాగుండును.

ఇప్పటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాము. పది సంవత్సరముల క్రితము అడిగితే ఎవరూ నమ్మేవారు కారు. సముద్రపు ఒడ్డున హోటళ్లు పెరిగాయి, తిరానాలో ఎత్తైన భవనములు లేస్తున్నాయి, పని చేయడానికి మాత్రము మనుష్యులు లేరు. అందుచేత ఇటీవల ఫిలిప్పీన్స్ నుండి, బంగ్లాదేశ్ నుండి, నేపాల్ నుండి, మన భారతదేశము నుండి కూడా కూలీలను తెచ్చుకుంటున్నారు. ఆ దేశపు మేస్త్రీ మ్యూనిక్‌లో గోడ కడుతుంటే అతని ఊరిలో గోడ మనవాడు కడుతున్నాడు. ఆ దేశము పేరు చెప్పి ఎవరైనా ఏజెంటు మీ ఊరికి వస్తే, మన ప్రభుత్వము దగ్గర నమోదైన ఏజెంటేనా అని అడగండి. పర్మిట్ కాగితము చదివించుకోకుండా పొలము తాకట్టు పెట్టకండి.

తిరానా విమానాశ్రయమునకు మదర్ తెరెసా పేరే పెట్టారు. జర్మనీ పోయే నర్సులు అక్కడే విమానము ఎక్కుతారు. మన దేశము నుండి పోయిన కూలీలు అక్కడే దిగుతారు.